వీరేందర్ అచ్చు

తరిగొప్పుల యాకయ్య మామూలుగా మాట్లాడినా తిట్టినట్టే ఉండేది. ముప్పై నాలుగేళ్లు పట్నంలోని సర్కారు టంకశాలలో, నాణేలు గుద్దే ప్రెస్సుల మధ్య నిలబడి, రెండు చెవులూ అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాడికీ వినపడదనుకుని అరిచేవాడు. నిజంగా కోపం వస్తే మాత్రం ఆయన గొంతు తగ్గేది. ఊళ్లోవాళ్లు ఆ కీలకం కనిపెట్టి, ఆయన అరుస్తున్నంతసేపూ నిశ్చింతగా ఉండేవాళ్లు.

పని నుంచి దిగి ఊరికి వచ్చి నాలుగేళ్లయినా ఒక ప్రశ్న ఆయనను వదల్లేదు. "ఇన్నేండ్లు పైసలు కొట్టినవు గదా కాకా, ఒక్క సంచన్న తెచ్చుకోకపోతివి" అని, అదేదో తనకే కొత్తగా తట్టినట్టు ప్రతివాడూ అడిగి నవ్వేవాడు. యాకయ్య ఒంటికాలి మీద లేచేవాడు. "అరే, లోపట అది పైస గాదురా, సామాను. గేటు దాటినంకనే దానికి ఇలువ. గేటు కాడ పెయ్యంత, బట్టలంత తడిమి పంపుతరు. నా మొల్తాడుకున్న ఎండి బిళ్ళ సుత ఇంట్ల తీసిపెట్టి పోయేటోన్ని" అనేవాడు. వాళ్లు విని, మర్నాడు మళ్లీ అడిగేవాళ్లు. భార్య నర్సమ్మ మాత్రం, "దొంగతనం చేయనందుకు గింతగనం సిగ్గుపడే మనిషిని నిన్నే చూసిన" అని లోపలికి పోయేది.

రెండువేల పదకొండు ఆగస్టులో ఆయన ఇంటికి శ్రీపాల్ వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఉద్యమ కమిటీకి అతనే పెద్ద. నలభై ఏళ్లుంటాయి. తెల్లచొక్కా మడత నలగదు, రాస్తారోకోలో పొద్దంతా రోడ్డు మీద కూర్చున్నా నలగదు. మైకు చేతికిస్తే కన్నీళ్లు పెట్టించగలడు, కింద పెట్టగానే సెల్‌ఫోను తీసి నవ్వుతూ మాట్లాడగలడు. ఇలాంటివాళ్లు ప్రతి ఉద్యమంలోనూ ఉంటారు. వాళ్లు లేకపోతే కుర్చీలు తెచ్చేవాడుండడు, వాళ్లుంటే కుర్చీ ఎవరికీ మిగలదు.

"కాకా, అమరుల తల్లులకు శాలువలు కప్పి కప్పి మాకే సిగ్గైతున్నది" అన్నాడు శ్రీపాల్, యాకయ్య చెవి దగ్గరికి వంగి. "అక్టోబర్ల జనగామల పెద్ద సభ పెడుతున్నం. ముగ్గురు తల్లులొస్తరు. జనగామామె ఒకరు, భూపాలపల్లామె ఒకరు, నెల్లికుదురు దిక్కు తండా ఆమె ఒకరు. బిళ్ళలిద్దమనుకుంటున్న. ఒక దిక్కు తెలంగాణ పటం, ఒక దిక్కు ఆ తల్లి కొడుకు మొఖం. అచ్చం రూపాయి గుద్దినట్టు గుద్దాలె. నీకంటె తెలిసినోడు ఎవడున్నడు?"

నాలుగేళ్లలో ఆయన తేని సంచుల గురించి కాకుండా, ఆయనకు తెలిసిన పని గురించి అడిగిన మొదటి మనిషి అతను. యాకయ్యకు గుండె నిండిపోయింది. పట్నంలో అద్దె కొంపల్లో ఆయన మాటకు పక్కవాటాల వాళ్లు నవ్వేవాళ్లు. 'గిట్ల' అంటే నవ్వు, 'ఏంది' అంటే నవ్వు. పిల్లలు ఆయన వెనక నడుస్తూ ఆయన మాటలే ఆయనకు అప్పజెప్పేవాళ్లు. రాష్ట్రం కావాలని ఆయనకు పుస్తకాలు చదివితే పుట్టిన కోరిక కాదు. ఆ అద్దె కొంప మెట్ల మీద, నీళ్ల బిందె భుజాన పెట్టుకుని నిలబడి పళ్లు కొరికిన రోజున పుట్టిన కోరిక.

"నేను అచ్చు బిగించేటోన్ని, చెక్కేటోన్ని గాదు" అని ఉన్నమాట చెప్పాడు. "చెక్కేటోడు పెంబర్తిల ఉన్నడు. మొగిలి. ఇద్దరం కలిస్తే అయితది. పైసలొద్దు, ఇత్తడి రేకు మాత్రం తెప్పియ్యి."

మొగిలి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద గుడి తోరణాలు, దర్వాజల మీది లతలు, ఏనుగులు చెక్కే పనివాడు. మాట తక్కువ. అతని కొట్టంలో పువ్వుల ముద్రలు గుద్దడానికి చేతితో తిప్పే పాత ప్రెస్సు ఒకటుంది, పైన అడ్డకర్రకు రెండు ఇనుప గుండ్లు. యాకయ్య దాన్ని చూసి, దాని చుట్టూ తిరిగి, మరను నూనె గుడ్డతో తుడిచి, "ఇది సాలు" అన్నాడు.

ముగ్గురు తల్లులనూ కొడుకుల ఫొటోలు అడిగితే, ముందుగా వచ్చింది తండా నుంచి. ఫొటో అంటే మనిషే వచ్చింది. మోతీబాయి రెండు బస్సులు మారి, జనగామలో దిగి, దారి అడుగుతూ పెంబర్తి కొట్టం దాకా వచ్చి నిలబడింది. నలభై అయిదేళ్లుంటాయి. అద్దాలు, గవ్వలు కుట్టిన లంబాడా బట్టల్లో ఉంది. రవిక మీద వరుసగా పాత వెండి నాణేలు. కొంగు ముడి విప్పి, బస్సు పాసు మీద నుంచి కత్తిరించిన ఫొటో తీసింది. గోరంత ఫొటో. మూల మీద నీలం ముద్ర సగం పడి ఉంది.

"గిదొక్కటే ఉన్నదన్నా. పోగొట్టకుండ్రి" అంది.

ఆమె కొడుకు బానోతు వీరేందర్, మానుకోటలో డిగ్రీ రెండో ఏడు. రైలు రోకోలో పట్టాల మీద కూర్చున్నవాళ్ల మీద లాఠీలు విరిగినప్పుడు తలకు దెబ్బ తగిలింది. నాలుగు రోజులు బాగానే తిరిగాడు. అయిదో రోజు వాంతులు. పదకొండో రోజు దవాఖానలో పోయాడు. ఇదంతా ఆమె ఏడవకుండా, పొలం హద్దులు చెప్పినట్టు వరుసగా చెప్పింది.

"దవాఖాన కాయిదంల జెరమొచ్చి పోయిండని రాసిండ్రు. పోలీసుల కాయిదంల ఆ దినం ఎవ్వలకు దెబ్బ తాకలేదని రాసిండ్రు. కాలేజీల పేరు కొట్టేసిండ్రు, రేషన్ కార్డుల పేరు కొట్టేసిండ్రు. ఏ కాయిదంల చూసినా నా కొడుకు లేడన్నా. రోకోకు పోయిండని యాడ రాసి లేదు." ఆమె రవిక మీది నాణెం ఒకటి వేళ్లతో పట్టుకుని చూపించింది. బట్టతల రాజు బొమ్మ, నల్లబడి ఉంది. "ఈ రాజెవడో నాకు తెల్వదు. మా అమ్మమ్మ మోసింది, మా అవ్వ మోసింది, నేను మోస్తున్న. బిళ్ళ మీద బొమ్మ ఉన్నదంటే వాడు ఉన్నట్టే గదా, ఎవ్వలు లేడనరు గదా. ఈన్ని తీసేసి ఈడ నా కొడుకును కుట్టుకుంట. పైన పేరు ఉండాలె."

యాకయ్యకు సగమే వినపడింది. మొగిలి మిగతా సగం ఆయన చెవిలో చెప్పాడు. చెబుతుంటే యాకయ్య గొంతు తగ్గిపోయింది.

"జెరమట" అన్నాడు నెమ్మదిగా. "చెల్లె, నీ కొడుకును ఉక్కుల చెక్కుతం. ఎవడు కొట్టేస్తడో చూస్త."

ఆ రోజు నుంచి ఆయన పొద్దున మొదటి బస్సుకు పెంబర్తి పోయి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాడు. పని మొదలుపెట్టే ముందు, టంకశాలలో నాణెం పుట్టే తీరంతా మొగిలికి పూసగుచ్చినట్టు చెప్పాడు. లోహాన్ని కరిగించి దిమ్మెలు పోస్తారు. ఆ దిమ్మెలను రోలర్ల మధ్య నలిపి నలిపి, నాణెం మందం వచ్చేదాకా రేకు తీస్తారు. రేకులోంచి గుండ్రటి బిళ్ళలు గుద్ది తీస్తారు. మిగిలిన చిల్లుల రేకు మళ్లీ కొలిమికే పోతుంది, గింజంత కూడా బయట పడదు. నలిగిన లోహం మొండికేసి ఉంటుంది కాబట్టి బిళ్ళలను కాల్చి చల్లార్చి మెత్తబరుస్తారు, ఆమ్లంలో కడిగి మసి వదిలిస్తారు. తర్వాత ఇంకో మర ఒక్కో బిళ్ళ అంచును నొక్కి చిన్న గట్టులా లేపుతుంది. ఆ గట్టు లేకపోతే చేతులు మారి మారి బొమ్మ తొందరగా అరిగిపోతుంది. అప్పుడు గానీ బిళ్ళ ప్రెస్సులోకి రాదు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కదలకుండా పట్టుకునే ఉక్కు కట్టు. ఒక్క దెబ్బకు రెండు ముఖాలూ, అంచు గీతలూ పడతాయి. రెప్ప వేసి తెరిచేలోగా నాలుగైదు నాణేలు. తర్వాత తనిఖీ బల్ల. బొమ్మ చెదిరింది, అంచు తెగింది ఏరి పారేస్తే మళ్లీ కొలిమిలోకి. మంచివి సంచుల్లోకి, సంచులకు సీలు.

"గవన్ని మన దగ్గర యాడున్నయన్నా?" అన్నాడు మొగిలి.

"మనకు రేకున్నది, గీ ప్రెస్సున్నది, నీ చెయ్యున్నది. ఒక్క బిళ్ళకు గంతే సాలు."

అచ్చు చెక్కడంలో తిరకాసంతా ఒక్కటే. బిళ్ళ మీద ఉబ్బెత్తుగా రావలసింది అచ్చులో గుంటగా ఉండాలి. కుడివైపు రావలసింది ఎడమవైపు ఉండాలి. అక్షరాలు తిరగబడి ఉండాలి. మొగిలి ఇంట్లోంచి అద్దం తెచ్చి, ఫొటోను దానికి ఎదురుగా నిలబెట్టి, అద్దంలో కనిపించే వీరేందర్‌ను చూసి ఉక్కు మీద చెక్కాడు. భూతద్దంలో చూస్తూ పన్నెండు రోజులు. ముక్కు దగ్గర మూడు రోజులు ఆగిపోయాడు. గోరంత ఫొటోలో ఆ పిల్లవాడి ముక్కు కొంచెం ఎడమకు వంగినట్టు ఉంది, అది నీడో నిజమో తెలియలేదు. యాకయ్య తండాకు కబురు పెట్టాడు. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలి వంగిందని జవాబొచ్చింది. మొగిలి వంచాడు.

అచ్చును మైనం మీద ఒత్తి లేపిన రోజున ఇద్దరూ దాన్ని వెలుగులోకి పట్టుకుని చూశారు. మైనంలోంచి ఒక ఇరవై ఏళ్ల కుర్రవాడు, ముక్కు కాస్త వంకరగా, ఏదో అనబోతున్నట్టు చూస్తున్నాడు. చుట్టూ 'బానోతు వీరేందర్' అన్న అక్షరాలు. ఇక ఆ అచ్చును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచడమే మిగిలింది. యాకయ్య ముప్పై నాలుగేళ్లలో కోట్ల నాణేలు గుద్దాడు. ఒక్కదాని మీద కూడా తనకు తెలిసినవాడి ముఖం చూడలేదు.

తర్వాత మూడో రోజున కొట్టం ముందు శ్రీపాల్ కారు దిగాడు. మైనపు బిళ్ళ చూశాడు, "మస్తున్నది" అన్నాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, పీట లాక్కుని కూర్చున్నాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు.

"కాకా, ముగ్గురికి మూడు అచ్చులంటే ఎప్పటికయితది చెప్పు? ముగ్గురికే మూడు బిళ్ళలు చేస్తే సభకొచ్చిన జనానికేమిస్తం? ఒక్కటే అచ్చు చెయ్యిద్దం, అయిదు వందలు గుద్దుదం. పటం ఒక దిక్కు. రెండో దిక్కు, అంటే మొత్తం పోరాటానికి గుర్తుగ, ఎవరన్న ఒకరు..." అని ఆగి, "నాదే పెట్టుమని కమిటోళ్లు అంటున్నరు. నేను వద్దన్న. వింటలేరు" అన్నాడు.

యాకయ్య అతని ముఖంలోకి చూస్తూ, గుసగుసలాడినంత మెల్లగా అన్నాడు.

"నీకు ఏ దవాఖానల జెరం వచ్చిందని?"

శ్రీపాల్ నవ్వడానికి ప్రయత్నించాడు. "గట్లంటవేంది కాకా, రూపాయి మీద ఒక పెద్ద మొఖం ఉండాలె గదా."

"లెవ్వు. కారెక్కు."

శ్రీపాల్ లేచాడు, చొక్కా సర్దుకున్నాడు, నవ్వుతూనే కారెక్కాడు. అలాంటివాళ్లు నవ్వుతూ పోయినప్పుడే భయపడాలి. అంత తెలివి యాకయ్యకు ఉంటే టంకశాల నుంచి ఇంకొంచెం పెద్ద ఉద్యోగంలో దిగి ఉండేవాడు.

సెప్టెంబరు నడిమిలో సకల జనుల సమ్మె మొదలైంది. బళ్లు మూశారు, కచేరీలు మూశారు, వారం తిరక్కుండానే బస్సులు ఆగిపోయాయి. భూపాలపల్లిలో కార్మికులు బొగ్గుబాయి దిగడం మానేశారు, కరెంటు వచ్చిపోయే చుట్టమైంది. సమ్మె గెలవాలని అందరికంటే గట్టిగా అరిచిన యాకయ్య, ఆ సమ్మె వల్లనే తరిగొప్పులలో ఇరుక్కుపోయాడు. పెంబర్తికి పోవడానికి బండి లేదు. ఫోను చేద్దామంటే ఆయన చెవికి ఫోనూ ఇటుకా ఒకటే. నర్సమ్మ చేత చేయిస్తే, "పని నడుస్తున్నదట" అని ఒక్క ముక్క చెప్పింది. పని నడుస్తోందంటే తన పనే అనుకున్నాడు.

సభ రోజున ఎట్లాగో ఒక ట్రాక్టరు పట్టుకుని మధ్యాహ్నానికి జనగామ చేరాడు. మైదానం నిండిపోయింది. డప్పులు, జెండాలు, ఎండ. స్టేజీ వెనక శ్రీపాల్ ముఖం రెండు నిలువుల ఎత్తున ఫ్లెక్సీలో నవ్వుతోంది. జనంలో కమిటీ కుర్రాళ్లు బుట్టలు పట్టుకుని తిరుగుతూ, పిన్నీసులతో చొక్కాలకు ఏదో గుచ్చుతున్నారు. ఒకడు వచ్చి యాకయ్య చొక్కాకూ గుచ్చాడు.

ఇత్తడి బిళ్ళ. యాకయ్య పీకి చూశాడు. శ్రీపాల్ ముఖం. తిప్పి చూశాడు. తెలంగాణ పటం. మళ్లీ తిప్పాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ముప్పై నాలుగేళ్ల కన్ను ఊరుకోదు, కోపంలో కూడా తప్పు వెతుకుతుంది. ఏదో తేడాగా ఉంది. ముఖం చుట్టూ ఉన్న అక్షరాలు చదవబోయాడు, రాలేదు. శ్రీపాల్ పేరు వెనక్కి తిరిగి ఉంది. 'జై తెలంగాణ' వెనక్కి తిరిగి ఉంది. పటం కూడా తిరగబడింది, భూపాలపల్లి పడమటికి పోయి కూర్చుంది.

గుంజ దగ్గర నిలబడి ఉన్న మొగిలి కనిపించాడు. యాకయ్య పోయి అతని చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వు ఒప్పుకున్నవని చెప్పిండన్నా" అన్నాడు మొగిలి, ఆయన చెవిలో నోరు పెట్టి. "కాక మనసు మార్చుకున్నడు, ఆ పోరని అచ్చు పక్కకు పెట్టుమన్నడు అన్నడు. నీకు ఫోన్ చేద్దమంటే నీకు వినరాదాయె. రేపు రాష్ట్రమొస్తే పెంబర్తి పనోళ్లకు పెద్ద పనులిప్పిస్తనన్నడు. నాకు ఇద్దరు బిడ్డలన్నా."

"గీ అక్షరాలేందిరా?"

మొగిలి కళ్లు దించుకున్నాడు. పెదవి చివర మాత్రం కదిలింది. "తిరగేసి చెక్కాలె అని చెప్పిననన్నా. రెండుసార్లు చెప్పిన. అచ్చు చేతిల పట్టుకోని, నా పేరు నాకే సక్కగ సదవరాకుంటె ఎట్ల, పటం సుత సక్కగ ఉండాలె, నీ అద్దం యవ్వారం నాకు చెప్పకు అన్నడు. సక్కగనే చెక్కిన. అయిదు వందలు గుద్దిన."

ఇంకోరోజైతే యాకయ్య కడుపు పట్టుకుని నవ్వేవాడు. అప్పటికే అక్కడక్కడా కుర్రాళ్లు బిళ్ళను అటూ ఇటూ తిప్పి, సెల్‌ఫోను అద్దంలో చూపించుకుని నవ్వుతున్నారు. కానీ ఆ క్షణంలో మైకు మోతీబాయి పేరు పిలిచింది. అది యాకయ్యకు వినపడలేదు, మెట్లెక్కుతున్న ఆమె కనపడింది. ఆమె రవిక మీద రాజు బొమ్మ నాణెం లేదు. ఆ చోట కుట్టు విప్పిన దారాలు వేలాడుతున్నాయి. ముందే విప్పి, చోటు ఖాళీ చేసుకుని వచ్చింది.

యాకయ్య జనాన్ని తోసుకుంటూ స్టేజీ వైపు పోయాడు. ఎవరో మోచేత్తో నెట్టారు, ఎవరో తిట్టారు. ఆయన చేరేలోగానే శ్రీపాల్ మూడు రంగుల దారానికి కట్టిన బిళ్ళ ఆమె మెడలో వేసి, ఫొటోల కోసం చేతులు జోడించి నిలబడ్డాడు.

మోతీబాయి బిళ్ళ చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. అక్షరాలు తిరగబడినా, నిలబడినా ఆమెకు ఒకటే. బొటనవేలితో ముఖాన్ని తడిమింది, నుదురు, కళ్లు, ముక్కు. ముక్కు దగ్గర వేలు ఆగిపోయింది. మళ్లీ తడిమింది. ఆ పిల్లవాడి ముక్కు ఆమెకు వేళ్లతో తెలుసు. తర్వాత తలెత్తి శ్రీపాల్ ముఖం చూసింది, వెనకున్న ఫ్లెక్సీ చూసింది, చేతిలో బిళ్ళ చూసింది.

"రెండు మాటలు మాట్లాడమ్మా" అని ఎవరో మైకు ఆమె ముందు పెట్టారు.

"ఇది నువ్వే గదా" అంది ఆమె శ్రీపాల్‌తో. మైకు ఆ మాటను మైదానమంతా మోసింది.

"అంటే అమ్మా, అది పోరాటానికి గుర్తు..."

"నా కొడుకు యాడ?"

శ్రీపాల్ మైకు కోసం చెయ్యి చాపాడు. ఆమె పక్కకు జరగలేదు. గొంతు పెంచలేదు, చెయ్యి ఊపలేదు.

"నా కొడుకు పేరు బానోతు వీరేందర్. దవాఖానోళ్లు జెరం అన్నరు. పోలీసోళ్లు దెబ్బే లేదన్నరు. వాళ్లు మనోళ్లు గాదనుకున్న. మీరు మనోళ్లు. మీ బిళ్ళల సుత వాడు లేడు. మా అమ్మమ్మ కాలం సంది ఎవడో రాజును రొమ్ము మీద మోసినం. పొద్దున కుట్లు ఇప్పి ఆన్ని తీసేసొచ్చిన. ఇంకొక రాజును మోయనీకెనా నా కొడుకు సచ్చింది?"

బిళ్ళను మెడలోంచి తీసింది. శ్రీపాల్ చాపిన చేతిని పట్టుకుని, అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. మెట్లు దిగింది. వెనక కూర్చున్న భూపాలపల్లి తల్లి, జనగామ తల్లి లేచారు. వాళ్ల మెడలో ఇంకా ఏమీ పడలేదు, పడనివ్వలేదు. మైదానంలో డప్పు ఆగిపోయింది. ముందు ఒకడు, తర్వాత పదిమంది, చొక్కాలకున్న బిళ్ళలు పీకి స్టేజీ మీదికి విసిరారు. శ్రీపాల్ తెల్లచొక్కా ఆ రోజు మొదటిసారి నలిగింది.

యాకయ్య ఆమె ఎదురుగా నిలబడ్డాడు. శ్రీపాల్ మీద కోపం, మొగిలి మీద కోపం, బస్సుల మీద, చెవుల మీద, నమ్మి ఇంట్లో కూర్చున్న తన మీద. "తప్పు నాది చెల్లె. పని నడుస్తున్నదంటె నమ్మిన. గేటు కాడ ఎవన్ని నమ్మని జాగల పనిచేసిన మనిషిని" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే ఆమెకు వినపడలేదు.

"అచ్చున్నదా, కరగబోసిండ్రా?" అని ఆమె మొగిలిని అడిగింది. అదొక్కటే అడిగింది.

"ఉన్నదవ్వా. నూనె గుడ్డల సుట్టి, మా ఇంట్ల బియ్యం డబ్బల పెట్టిన" అన్నాడు మొగిలి.

మర్నాడు పొద్దున పెంబర్తి కొట్టంలో ముగ్గురే ఉన్నారు. అచ్చును కాల్చి గట్టిపరిచారు. పటాన్ని మొగిలి రాత్రంతా కూర్చుని కొత్తగా, తిరగేసి చెక్కాడు, ఎవరూ చెప్పకుండానే. రేకులోంచి ఒక బిళ్ళ కోశారు. ఇత్తడి అయితే నల్లబడదా అని మోతీబాయి అడిగింది. చింతపండు పెట్టి తోముకుంటే మెరుస్తదన్నాడు యాకయ్య. బిళ్ళను కాల్చి, చల్లార్చి, అంచు లేపి, రెండు అచ్చుల మధ్య పెట్టి కట్టు బిగించాడు. అడ్డకర్ర ఒక కొస మొగిలి పట్టుకున్నాడు. రెండో కొస తాను పట్టుకుంటానంది మోతీబాయి. ఇద్దరూ తిప్పారు. గుండ్లు గిర్రున తిరిగి దిగాయి. బిళ్ళ మళ్లీ కాల్చారు, మళ్లీ కొట్టారు. మూడో దెబ్బకు యాకయ్య కట్టు విప్పాడు.

ఆమె బిళ్ళను చేతిలోకి తీసుకుంది, వేడిగా ఉందని చెప్పినా వినలేదు. కళ్లతో చూడలేదు. బొటనవేలితో నుదురు, కళ్లు, ముక్కు తడిమింది. వేలు ముక్కు దగ్గర వంగింది.

"వచ్చిండు" అంది.

అక్కడే నేల మీద కూర్చుని, సంచిలోంచి సూదీ దారం తీసింది. మొగిలి చేత బిళ్ళకు కొక్కెం అతికించుకుని, రవిక మీది ఖాళీ చోట కుట్టుకోవడం మొదలుపెట్టింది.

యాకయ్య పని ఇంకా అయిపోలేదు. టంకశాలలో ఒక అచ్చు పని తీరాక దాన్ని ఊరికే వదలరు. ఇంకెవడి చేతిలోనైనా పడితే దొంగ నాణేలు పుడతాయి. అందుకని లెక్క చూసుకుని, అందరి ముందూ దాని ముఖం మీద ఉలి పెట్టి అడ్డంగా నరికి, కొలిమిలో వేస్తారు. అచ్చును చంపడం అంటారు దాన్ని. ముప్పై నాలుగేళ్లలో యాకయ్య కొన్ని వేల అచ్చులను చంపాడు. నిన్న శ్రీపాల్ చూపించిన దారి ఉండనే ఉంది. రేపు ఇంకెవడో వచ్చి ఈ పిల్లవాడి ముఖాన్ని బుట్టల్లో పోసి పంచుతాడు, దాని వెనకవైపు తన ముఖం గుద్దుకుంటాడు. ఆ ఆలోచనకే ఆయనకు ఒళ్లు మండింది. వీరేందర్ అచ్చును దాగలి మీద పెట్టాడు. ఉలి ఆన్చి, సుత్తె ఎత్తాడు.

మోతీబాయి దారం పళ్లతో కొరుకుతూ తలెత్తి చూసి, గట్టిగా అడిగింది. "ఏం చేస్తున్నవన్నా?"

"అచ్చును చంపుతున్న చెల్లె. మా కాడ రివాజు."

ఆమె లేచి వచ్చింది. ఉలికీ అచ్చుకూ మధ్య అరచెయ్యి పెట్టి, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఒక్కసారి చంపిండ్రు గదన్నా. సాలదా?"

మొగిలి ముఖం తిప్పుకుని కొలిమి వైపు చూశాడు. యాకయ్య సుత్తె కింద పెట్టాడు. అచ్చును గుడ్డతో తుడిచాడు, మూలల్లో ఇరుక్కున్న ఇత్తడి పొడి గోటితో తీశాడు, నూనె రాసి, కొత్త గుడ్డలో చుట్టి ఆమె చేతుల్లో పెట్టాడు.

"నెలకొక్కపారి నూనె రాయాలె చెల్లె" అని అరిచాడు. "లేకుంటె తుప్పు పడుతది."